బొమ్మక్క గొడ్డలి బరువు

కోవిల్‌పట్టి
శ్రీముఖ సంవత్సరం, పంగుని 9, గురువారం
(1934 మార్చి 22)

మహారాజశ్రీ బావగారు, విరుదునగర్ పత్తి మండీ గోవిందరాజ్ నాయకర్ గారి సముఖానికి చెల్లసామి చేసుకునే నమస్కారాలు. ఇక్కడ నేను, మీ చెల్లెలు వెంకటమ్మాళ్, రెండు ఎద్దులు, ఒక కొలిమి క్షేమం. అక్కడ మీ అందరి క్షేమం, ముఖ్యంగా మీ అబ్బాయి నారాయణన్ కుడిభుజం క్షేమం తెలుపగోరుతాను.

మర్యాద ఇంతటితో సరి. ఇక నువ్వు అనే రాస్తాను.

నిజానికి ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. మొదటి మూడు రోజులు కోపంతో రాయలేదు. తర్వాత నాలుగు రోజులు సిరా లేక రాయలేదు. మిగిలిన నాలుగు రోజులు, డెబ్బై ఏళ్ళవాడు డెబ్బై రెండేళ్ళవాడికి ఒక గొడ్డలి గురించి ఇంకా ఎన్నిసార్లు రాస్తాడులే అని రాయలేదు. చివరికి ఎందుకు కూర్చున్నానంటే, ఈ నల్లరేగడి సీమలో నేను తెలుగు అక్షరం రాస్తే చదివేవాడివి నువ్వొక్కడివే. మన ఇళ్ళల్లో తెలుగు మాట్లాడనివాడు లేడు, చదివేవాడూ లేడు. చిన్నప్పుడు ఆ గాజుల సెట్టి పగిలిన గాజుముక్కతో మనిద్దరిచేతా ఇసకలో అక్షరాలు దిద్దించకపోతే మన తగాదా అంతా తమిళంలో జరిగి ఉండేది, ఊరందరికీ తెలిసి ఉండేది. మా పోస్టుమాను తమిళ కార్డు వస్తే ముందు తాను చదువుకుని, తర్వాత వీధికి వినిపించి, ఆపైన మన చేతికిస్తాడు. నీ ఉత్తరం నాకిచ్చేటప్పుడు అతని మొహం చూస్తే నీకే జాలివేసేది.

నువ్వు రాసింది ఇది. గొడ్డలి నా దగ్గర ఒక మండలం ఉండి తిరిగొచ్చినప్పటి నుంచి బరువెక్కింది. మాసి సివరాత్రికి నారాయణన్ దాన్ని భుజాన పెట్టుకుని పొలిమేర చుట్టబోయి సగంలో కూలబడ్డాడు. పూనకంలో సామి చెప్పే మనిషి బొమ్మక్కకు కోపం వచ్చిందన్నాడు. కాబట్టి నేను ఏదో చేశాను. కాబట్టి నా ఇంటి మనుషులెవరూ ఇక నీ గడప తొక్కకూడదు.

గడప అన్న మాట దగ్గర కలం ఎంత నొక్కావో, కాగితం చిరిగింది. నీ చెల్లెలు నీ గడప తొక్కి పన్నెండేళ్ళయింది బావా. కొత్తగా చించడానికి ఏం మిగిలిందని?

మొదటినుంచి చెప్పుకొస్తాను. నీకు తెలియదని కాదు. నీ జ్ఞాపకం ఎప్పుడూ నీకు అనుకూలమైన చోటే ఆగుతుంది.

బొమ్మక్క మన నాలుగు తరాల వెనకటి అవ్వ. పాళెగాళ్ళ యుద్ధంలో పెనిమిటి పడిపోతే ఆయన చేతిలోని గండ్రగొడ్డలి అందుకుని, వాకిట్లోకి వచ్చిన ముగ్గురిని నిలువరించిందని మీ అవ్వ రంగమ్మాళ్ చెప్పేది. ముసలామె ఒక్కోసారి ముగ్గురనేది, ఒక్కోసారి ఏడుగురనేది. మనం బాగా అన్నం తిన్న రోజు ఏడుగురు. తర్వాత కుంపిణీ సిపాయిలు వచ్చి ఊరూరా ఇనుమంతా ఏరుకుపోయారట. కొడవళ్ళు, కత్తిపీటలు, చివరికి తలుపు గొళ్ళేలు కూడా. బొమ్మక్క గొడ్డలిని మాత్రం సజ్జ పాతరలో దాచి కాపాడారట. అప్పటినుంచి దానికి పూజ. పూజ అంటే ప్రతి సివరాత్రికీ పాత పూత మీద కొత్తగా గంధం, పసుపు, నూనె. కడగకూడదు. నూరకూడదు. రాతి మీద పెట్టకూడదు. కొలిమి కొట్టే కొల్లవాడి చెయ్యి తగలకూడదు. ఇన్నేళ్ళ పూత కింద అసలు ఇనుము ఎలా ఉంటుందో మనమూ చూడలేదు, మన తండ్రులూ చూడలేదు. నెలవంక లాంటి నోరు, వెనక చిలక ముక్కు. అంతవరకే తెలుసు.

పన్నెండేళ్ళ కింద దాన్ని ముందు ఎత్తే భుజం నీదా నాదా అని గుడి ముందర పడిన గొడవ తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇప్పుడైతే ఎత్తమని బతిమాలినా ఎవరూ ఎత్తేలా లేరు. ఆ రోజు పెద్దలు కూర్చుని రెండుగా విడదీశారు. మీకు గొడ్డలి. మాకు కొత్త గుడి కట్టుకోవడానికి పాత గుడిలోని పిడికెడు మట్టి. మా పక్క పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ ఆ మట్టి చూసి, గొడ్డలి లేని చోట బొమ్మక్క ఎక్కడుందని మొక్కడమే మానేశారు. అది నాలుగైదేళ్ళు చూసి నేను అలాంటిది ఇంకొకటి చేస్తానన్నాను. నువ్వు అందరి ముందరా అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "చెయ్యి చూద్దాం. కండ్లు మూసుకోని ఒక చేత అది, ఒక చేత ఇది ఎత్తుతా. తేడా తెలీకపోతే మీ మట్టిలోనూ బొమ్మక్క ఉండాదని ఒప్పుకుంటా. ఆ పొద్దు నేనే బండి కట్టుకోని చెల్లెలింటికి వస్తా" అన్నావు.

అందరూ నవ్వారు. వెంకటమ్మాళ్ నవ్వలేదు. "అన్న నిజంగా వస్తాడా?" అని ఇంటికి వచ్చేవరకూ నాలుగుసార్లు అడిగింది.

సేద్యగాడు కొలిమి ముందు కూర్చోవడం ఎంత అవమానమో మా వీధివాళ్ళు నాకు ఏళ్ళ తరబడి చెప్పారు. కానీ ఏం చేసేది? కొల్లవాడి చెయ్యి తగలకూడదన్నారు కదా. అందుకని కొల్లర్ పేచ్చిముత్తు తిత్తి ఊదేవాడు, పక్కన నిలబడి తిట్టేవాడు. ఇనుమును మాత్రం ముట్టేవాడు కాదు. "నాయకరే, ఇనుము ఎర్రగా ఉంటే మాట వింటాది. తెల్లగా ఉంటే అతుక్కుంటాది. మీరు మీసం తుడుచుకునే లోపల నల్లగా అయిపోతాది" అనేవాడు. ఆ మాటకు మీసం తీసేశాను. వెంకటమ్మాళ్ రెండు రోజులు నా మొహం చూడలేదు.

మొదటి గొడ్డలి పాత బండి చక్రం పట్టాతో చేశాను. పట్టాను కడ్డీ చుట్టూ మడిచి కామకు కన్ను చేయాలి, రెండు కొసల మధ్య ఉక్కు ముక్క పెట్టాలి, వెలిగారం చల్లి, తెల్లగా కాగిన క్షణంలో సమ్మెటతో ఒకే ఊపున అతకాలి. ఆ క్షణం నాకు నాలుగు నెలలు దొరకలేదు. మడత ఊడిపోయేది, లేదంటే ఉక్కు కాలి నిప్పురవ్వలై పోయేది. రెండో ఏడు తొలి ఊపుకే అతికింది. మూడోది ఎంత అందంగా వచ్చిందంటే, నీళ్ళలో ముంచి పదును పెట్టేటప్పుడు టిక్కుమని ఒక్క చప్పుడు చేసి నోరు అడ్డంగా పగిలింది. పేచ్చిముత్తు ఏమీ అనలేదు. వాడు తిట్టకపోతే ఎంత బాధగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆ ఏడు ఇంకొకటి చేసే ఓపిక లేక, పగుల్లో మైనం కూరి అదే నీ దగ్గరికి తెచ్చాను. నువ్వు కనిపెట్టలేదులే.

ఏడాదికొకటి. ఒక్కో గొడ్డలినీ గోనెలో చుట్టుకుని, రైలెక్కి, నీ మండీకి మోసుకొచ్చాను. ఒకసారి సాత్తూరు స్టేషన్‌లో పోలీసువాడు ఎవర్ని నరకడానికి పోతున్నావయ్యా అని అడిగితే, మా బావను అన్నాను. ఆ బండి పోయి సాయంత్రం బండి వచ్చేవరకు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టాడు. విరుదుపట్టికి వస్తే (క్షమించు, విరుదునగర్, పేరు మారి పదేళ్ళయినా నా నాలుక ఇంకా పాత ఊళ్ళోనే దిగుతుంది) నువ్వు పత్తి బోరాల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు చేతులా రెండూ ఎత్తి, ప్రతిసారీ అదే మాట. "రూపం సరే మాప్పిళ్ళ, బరువు జాస్తి." ఏడేళ్ళు బావా. ఏడు గొడ్డళ్ళు. ప్రతిసారీ ఆ మాట అనేముందు నీ పెదవి ఒక పక్కకి పోయేది. నారాయణన్ అది చూసి వెనక్కి తిరిగి నవ్వేవాడు.

నేను వచ్చేటప్పుడల్లా వెంకటమ్మాళ్ నీకోసం ఒక రేకు డబ్బాలో నువ్వుండలు పెట్టి ఇచ్చేది. నువ్వు తీసుకుని పక్కన పెట్టేవాడివి. తిరిగి వచ్చేటప్పుడు అదే డబ్బా నిండా సాత్తూరు కారాసేవు ఉండేది. ఎవరు పెట్టారో నేను అడగలేదు. ఇంట్లో అడుగు పెట్టగానే నీ చెల్లెలు గొడ్డలి ఏమైందని ఒక్క ఏడూ అడిగిన పాపాన పోలేదు. "డబ్బా తెచ్చినారా?" అనేది. చేతులు బొబ్బలెక్కిన మనిషికి అది ఎలా ఉంటుందో నీకు తెలియదు.

పోయిన ఐప్పసిలో నీకు ఏం దయ పుట్టిందో, కొలతలు చూసుకోమని అసలు గొడ్డలినే ఒక మండలం, నలభై ఎనిమిది రోజుల పాటు పంపావు. కాపలాకి మీ తమ్ముడి కొడుకు పొన్నుసామిని తోడు పంపావు. ఆ పిల్లవాడు దాన్ని పక్కలో పెట్టుకుని పడుకునేవాడు. తాటాకు మీద దాని రూపం గీశాను. దారంతో మందం కొలిచాను. పత్తి కాటాలో తూచాను. కామతో కలిపి మూడున్నర రాత్తళ్ళు. నాది అదే పొడవు, అదే వెడల్పు, అదే మందం, తొమ్మిది రాత్తళ్ళు!

అప్పటినుంచి నాకు నిద్ర లేదు. బరువు తగ్గించాలంటే పలచగా కొట్టాలి. పలచగా కొడితే రూపం పోతుంది. మిల్లులో ఇంజను చూసే దొర గుమాస్తాను అడిగితే ఇనుమంటే ఇనుమే తాతా, ఆ కాలపు ఇనుము ఈ కాలపు ఇనుము అని ఉండదు అన్నాడు. బడిపంతులు నా కాటాలో మోసం ఉందన్నాడు. కాటాను రాయి పెట్టి తూచి చూశాను. కాటాలో మోసం లేదు. పేచ్చిముత్తు ఒకటే మాట. "నాయకరే, ఒక్కసారి వేలితో తట్టనీయండి. చప్పుడు వింటే చెప్పేస్తా." పొన్నుసామి గొడ్డలిని వాటేసుకుని, "కొల్లవాని చెయ్యి పడిందంటే పెదనాయన నన్ను ఊళ్ళోకి రానీయడు మామా" అని ఏడుపు మొహం పెట్టాడు. నేనూ పేచ్చిముత్తునే తిట్టాను. ముప్పై ఏళ్ళ స్నేహంలో వాణ్ణి అంత మాట అన్నది అదే మొదటిసారి. వాడు పన్నెండు రోజులు కొలిమి వైపు రాలేదు.

మండలం ముగిసింది. పొన్నుసామి గొడ్డలి తీసుకుని రైలెక్కాడు. నా ఎనిమిదో గొడ్డలి నేను నీకు చూపించలేదు. ఎందుకు చూపించలేదని నువ్వు అడగలేదు.

నీ గొడ్డలికి నేనేమీ చేయలేదు. బరువు సంగతి బొమ్మక్కనే అడుగు.

ఇంత రాసిన తర్వాత ఒక్క మాట. నీ చెల్లెలి ఎడమ కంట్లో పువ్వు పూర్తిగా కమ్మేసింది. కుడికన్ను కూడా మసకేస్తోంది. ఇంకో ఏడాది అంతే అని వైద్యుడన్నాడు. చూపు ఉండగా అన్న మొహం చూడాలని ఉందట. నాతో చెప్పలేదు. పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను. నేను చేసే గొడ్డలి నీది కాదు, నీ గొడ్డలి నాది కాదు, ఒప్పుకుంటాను. ఇకమీదట చేయను. కొలిమి పేచ్చిముత్తుకే ఇచ్చేస్తాను. గడప మాట మాత్రం వెనక్కి తీసుకో.

నారాయణన్ భుజానికి ఆముదం కాచి పట్టించు. వేడి వేడిగా.

ఇట్లు
నీ మరిది, నీ బాల్య స్నేహితుడు, ఏడుసార్లు ఓడినవాడు,
చెల్లసామి

తాజా కలం: ఇంతవరకు నిన్న రాసి సంతకం పెట్టాను. రాత పూర్తయ్యాక వెంకటమ్మాళ్‌కు చదివి వినిపించడం నా అలవాటు. ముందు నీ ఉత్తరం చదివాను. నారాయణన్ కూలబడ్డాడన్న చోట ఆమెకు నవ్వొచ్చింది. గొడ్డలి బరువెక్కిందన్న చోట నవ్వు ఆగక పొలమారింది. నేను నీళ్ళిచ్చాను. నీళ్ళు తాగి, లేచి, తడుముకుంటూ అటక కింద నిలబడి, ఊక బస్తా వెనకనుంచి ఒక మూట లాగింది. ఆ మూట అక్కడ పెట్టింది నేను. పెట్టినట్టు ఆమెకు తెలుసని నాకు తెలియదు.

పైన నీ గొడ్డలికి ఏమీ చేయలేదని రాశాను. అది అబద్ధం. కొట్టివేద్దామంటే కొట్టివేతలున్న ఉత్తరం నువ్వు చదవవు.

నలభయ్యో రోజు పొన్నుసామి సంతకు వెళ్ళాడు. మధ్యాహ్నం చూస్తే గొడ్డలి ఉంచిన పెట్టె కింది నుంచి సన్నగా ఒక మట్టిగీత పైకి పాకి ఉంది. చెదలు. ఆ గీత పెట్టెలోకి వెళ్ళింది, గొడ్డలి మీదికి ఎక్కింది, గంధం పూతలో ఒక చోట లోపలికి దూరింది. చెదలు ఇనుము తినవు బావా. వేలితో తట్టాను. అరచేయంత పూత పెంకులా ఊడి నా ఒళ్ళో పడింది. లోపల చేవదేరిన తుమ్మ చెక్క. ఉలిగాట్లు ఇంకా కనిపిస్తున్నాయి. మొత్తం గొడ్డలి, కన్ను, కామ అన్నీ ఒకే చెక్క.

ఏడేళ్ళు నేను చెక్క బరువుకు ఇనుము కొడుతున్నాను. ఆ కాలపు ఇనుము తేలిక అని ఊరూరా తిరిగి వాదించాను గానీ, అది ఇనుమేనా అని ఒక్కసారి అనుకోలేదు. పేచ్చిముత్తు అడగబోతే నోరు మూయించాను. పాతరలో ఏదీ దాగలేదు. సిపాయిలు దాన్నీ తీసుకుపోయారు. ఆ ఏడు సివరాత్రి నాటికి మన పెద్దవాడెవరో కూర్చుని చెక్కి, దట్టంగా గంధం పూశాడు. కడగకూడదు, నూరకూడదు, రాతి మీద పెట్టకూడదు, కొల్లవాడు ముట్టకూడదు. ఇవన్నీ బొమ్మక్క ఆనలని మనం చెంపలేసుకున్నాం. అన్నీ ఆయన వేసిన గొళ్ళేలు.

ఊడిన పెంకు మళ్ళీ అతకలేదు. సాయంత్రం పొన్నుసామి వస్తాడు. అప్పటికి నా ఎనిమిదోది, అన్నిటికంటే పలచనిది, కొలిమి పక్కన సిద్ధంగా ఉంది. ఆ మధ్యాహ్నమే తొలి పూత పూసి పెట్టెలో పెట్టాను. పిల్లవాడు చూస్తే, అమ్మకు కొత్త పూత పూశాను, ఆరేవరకు ముట్టకూడదు అన్నాను. వాడు దండం పెట్టాడు. మిగిలిన రోజులన్నీ గంధం, పసుపు, ఆముదం, పొయ్యి మసి పొర మీద పొర వేశాను. ఇనుము కంటే ఆ పనే బాగా వచ్చింది. అందుకు నాకు ఒళ్ళు మండింది. పెట్టెతో సహా నేనే రైలెక్కించాను, బరువు పొన్నుసామి చేతికి తెలియలేదు. నీకు వెళ్ళింది అదే. ఏడు రాత్తళ్ళు. సివరాత్రికి నువ్వూ నీ వాళ్ళూ సాష్టాంగపడి మొక్కింది దానికే. కళ్ళు మూసుకుని కాదు బావా, తెరుచుకునే.

చెక్కదాన్ని వెంకటమ్మాళ్ ఒళ్ళో పెట్టుకుని, చెదలు తిన్న చోట వేలు పెట్టి, "ఇది ఈ పక్క కాదే, ఆ పక్క కదా ఊడింది" అంది. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు ఎవరూ చూడకుండా గొడ్డలి ఎత్తుకుని బొమ్మక్క ఆట ఆడిందట. కింద పడింది. పూత ఊడింది. చెక్క కనిపించింది. మీ అవ్వ రంగమ్మాళ్ వచ్చి చెంప మీద ఒకటిచ్చి, అప్పటికప్పుడు గంధం నూరి అతికించి, ఒట్టు పెట్టించుకుందట. "మీ అన్నకు తెలిస్తే వాడు మొయ్యడు. వాడు మొయ్యకపోతే మనల్ని ఊళ్ళో ఎవురు లెక్క జేస్తారు?" అందట.

యాభై ఎనిమిదేళ్ళు. నేను చేతులు కాల్చుకున్న ఏళ్ళు కూడా అందులోనే ఉన్నాయి. నాకు నిజంగా కోపం వచ్చింది. గొంతు చించుకుని అరిచాను, వీధిలో ఇద్దరు ఆగారు. తెలిసి తెలిసి నన్ను ఎందుకు కొట్టనిచ్చావు అన్నాను.

ఆమె కొంగుతో చెక్క మీది మట్టి తుడుస్తూనే చెప్పింది. "మీకు చెప్పింటే కొలిమి ఆర్పేసేవారు. కొలిమి ఆరిపోతే మా అన్నకాడికి డబ్బా ఎట్ల పోతాది?"

పేచ్చిముత్తు ఇంటికి వెళ్ళాను. విషయం చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను. "తట్టనిచ్చుంటే అప్పుడే చెప్పేవాణ్ణి" అని తిత్తికి తోలు కుడుతూ ఉండిపోయాడు.

ఎత్తి చూసి తేడా కనిపెట్టావు గనక, నువ్వు పెట్టిన పందెం ప్రకారం నేను మళ్ళీ ఓడాను. ఎనిమిదిసార్లు అని దిద్దుకో. నువ్వు బండి కట్టుకుని రానక్కరలేదు. ఈ సంగతి ఎవరికి చెప్పాలో, చెప్పకూడదో నీ ఇష్టం. ఈ అక్షరాలు నువ్వు తప్ప ఎవరూ చదవరు.

ఉత్తరం మడుస్తుండగా బయట చప్పుడైతే చూశాను. వెంకటమ్మాళ్ జరీ అంచు చీర కట్టుకుంది. ఒక చేతిలో రేకు డబ్బా, ఒక చేతిలో పాత చీరలో చుట్టిన అదే మూట. ఎక్కడికి అంటే మధ్యాహ్నం రైలుకు అంది. బండెక్కి కూర్చుంది. ఎద్దులు ఇంకా కట్టలేదు.